సెప్టెంబరు బండి

మలంచా, ఖరగ్‌పూర్

చెల్లీ జెనీ,

మన ఓపెన్ సోర్స్ కీర్తనల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను ఈసారి చెప్పిన తేదీకే విడుదల చేశాను. పాటలు వెతికే నీ భాగం పూర్తయ్యేదాకా ఆగలేదని కోపం తెచ్చుకోకు. ఒకరి కోసం ఒకరం ఆగి, రెండేళ్లుగా ఒక్క వెర్షన్ కూడా ఇవ్వలేకపోయాం. ఆ గోడు నాన్న దగ్గర వెళ్లబోసుకుంటే, ముప్ఫై ఏళ్లు రైలు గార్డుగా చేసిన మనిషి కదా, "బండి టైముకి వదిలీయాల. అందనోడు తరవాత బండెక్కుతాడు. దీనికేటి ఆలోసన?" అన్నాడు. అందుకే ఇకనుంచి మూడు నెలలకొక వెర్షన్.

విడుదల మీట నొక్కుతుంటే నాన్న పాత పచ్చజెండా తెచ్చి వరండాలో ఊపాడు. ఎదురింటి దీదీ కూడా చప్పట్లు కొట్టింది.

ఒక్క మాట దాచాను, చెబుతాను. అక్షరాలు పెద్దవి చేసే నా భాగంలో ముందురోజే తప్పు బయటపడింది. నాన్న మాట ప్రకారం దాన్నీ దింపేశాను. తరువాతి బండి సెప్టెంబరు ఒకటిన. ప్లాట్‌ఫాం మీద నీ పక్కనే ఉన్నాను.

అన్నయ్య