మామయ్య నొక్కిన బటన్

అక్కా,

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నేను నోరు తెరిచేలోపే నువ్వు తీర్పు చెప్పేస్తావు. అందుకే కాగితం. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

మొన్న ఆదివారం మామయ్యని రేసు ట్రాక్‌కి తీసుకెళ్లాను. నేను రెండేళ్లుగా అక్కడికి పోతున్నానని నీకు తెలుసు. వారమంతా ల్యాబ్‌లో కూర్చుని జనం కట్టుడు పళ్లకి మైనం చెక్కి చెక్కి, ఆదివారం వచ్చేసరికి నాకు ఏదో ఒకటి గట్టిగా తొక్కాలనిపిస్తుంది. మీ మరిదికి ఇదంతా పిచ్చి. మామయ్యకి కాదు. వయసులో ఉన్నప్పుడు ఘాట్ రోడ్డు పోటీల్లో ఆయన పేరు చెబితే పక్కవాళ్లు ముందే డీలా పడేవారట. ఆ తర్వాత సంసారం, షెడ్డు, గ్రీజు. నాకు స్టీరింగ్ పట్టుకోవడం సరిగ్గా నేర్పింది ఆయనే. "నీ చేతుల్లో విద్య ఉందమ్మాయ్" అన్నారొకసారి. ఈ అత్తింట్లో నన్ను ఆ మాత్రం మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఆ రోజు ఆయన నా కారెక్కి, నేను పక్కన కూర్చుంటే, కొత్త కార్లలో ఉండే ఆ స్టెబిలిటీ కంట్రోల్ సంగతి ఎత్తారు. మనం స్టీరింగ్ ఎటు తిప్పామో, బండి నిజంగా ఎటు తిరుగుతోందో అది చూసుకుంటూ ఉంటుంది. రెండూ కలవలేదా, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజన్ జోరు తగ్గించి, బండిని దారిలో పెడుతుంది. "నాకు దాది అక్కర్లేదు" అని మామయ్య బటన్ టక్కున నొక్కి, "చంపేశా దాన్ని" అన్నారు. తర్వాత ఎలా నడిపారనుకున్నావు! నా టైమ్ కంటే చాలా మెరుగు. గోడ దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

కానీ అక్కా, ఆ బటన్ ఒక్కసారి నొక్కితే అది చావదు. పట్టు కాస్త వదులు చేస్తుందంతే. పూర్తిగా పోవాలంటే నొక్కి అలాగే పట్టుకోవాలి. మామయ్యకి ఆ సంగతి తెలీదు. అది పనిచేస్తోందని చెప్పే పసుపు దీపం ప్రతి మలుపులోనూ చెడిపోయిన ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంటూనే ఉంది. వెనక ఒక చక్రాన్ని ఎవరో పట్టి లాగుతున్నట్టు నా నడుముకి తెలుస్తూనే ఉంది. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

ఇప్పుడు ఆయన వచ్చే నెల పాత కార్ల రేసులో పేరిచ్చేశారు. ఆయన కుర్రప్పటి కారు, షెడ్డులో ముసుగేసి ఉంటుందే, అదే. దాన్లో ఇలాంటి దాదీలూ ఆయాలూ ఎవరూ లేరు. మీ మరిది "నాన్న చాలా రోజులకి నవ్వుతున్నాడు, చెడగొట్టకు" అంటాడు. అత్తయ్య "నర్సుగా ముప్పయ్యేళ్లు ఊళ్లో ఎముకలన్నీ కట్టాను, ఈయనవి నేను కట్టను. నువ్వే చెప్పు" అంటుంది. నాకేమో నోరు పెగలదు. ఆయన్ని బాధపెడతానని మాత్రమే కాదు. ఆయన నడిపిందంతా కారు చలవే అయితే, నన్ను మెచ్చుకున్న ఆ మాటకి మాత్రం విలువేముంటుంది? చూడు ఎంత స్వార్థమో. ఏం చేయాలో తోచట్లేదు.

నీ చెల్లి

---

అక్కా,

నీ జాబు అందింది. "చెప్పేసి చేతులు కడుక్కో" అని ఒక్క ముక్క రాయడానికి అంత పెద్ద కవరెందుకే!

చెప్పే ముందు ట్రాక్‌లో నేర్పే కోచ్‌ని కలిశాను. పొద్దస్తమానం "బ్రేకు, బ్రేకు" అని అరుస్తుందని అందరూ ఆవిడని బ్రేకమ్మ అంటారు. జరిగింది చెప్పి, "అంటే మామయ్యకి చేతకావట్లేదనేగా?" అన్నాను. ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి, "ఆ దీపానికి మనుషులు తెలీదు. బండి పక్కకి జారిందా లేదా, దానికి అదొక్కటే తెలుసు. భయపడి జార్చినా ఒకటే, కావాలని జార్చినా ఒకటే. పాతకాలం వాళ్లు యాక్సిలరేటర్‌తోనే బండి తోక తిప్పేవాళ్లు. అలాంటివాళ్లు తోలితే దీపం ఊరుకోదు. మెత్తగా పోయేవాళ్లకి అసలు వెలగదు" అంది.

"మరి ఆయన ఏ రకం?"

"పక్కన కూర్చున్నది నువ్వా, నేనా?"

అక్కా, ఉన్న మతి కూడా పోయింది. అదే దీపం గొప్పవాడికీ వెలుగుతుంది, చేతకానివాడికీ వెలుగుతుంది. ఇక దాన్ని చూసి నేనేం తేల్చను? ఆ రోజు దిగాక వెనక బ్రేకులు కాలిన వాసన వచ్చింది. అంటే ఆ సిస్టమ్ బాగా కష్టపడిందన్నమాట. కానీ ఆయన ముఖాన చెమట చుక్క లేదు. కష్టపడిందెవరు, ఆడుకున్నదెవరు? ట్రాక్ చుట్టూ తిరిగిన ఆ ల్యాప్‌ని మనసులో ఎన్నిసార్లు తిప్పుకున్నానో. ఒకసారి ఆయన మహానుభావుడిలా కనిపిస్తారు, ఇంకోసారి చెయ్యి పట్టి రోడ్డు దాటించాల్సిన మనిషిలా.

నిన్న భోజనాల దగ్గర చెప్పేశాను. "మామయ్యా, ఆ రోజు అది పూర్తిగా ఆఫ్ అవలేదు. నొక్కి పట్టుకోవాలి."

ఆయన నోటి దగ్గరి ముద్ద కిందికి దింపారు. "ఎక్కడెక్కడ వెలిగింది?"

"అన్ని మలుపుల్లోనూ."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

మీ మరిది పళ్లెంలోకి చూస్తున్నాడు. అత్తయ్య మంచినీళ్ల జగ్గు అందుకుని, ఎవరికీ పోయకుండా మళ్లీ పెట్టేసింది. "ఇంటిల్లిపాదీ కలిసి నా వెనక నవ్వుకుంటున్నారన్నమాట" అని మామయ్య లేచి వెళ్లిపోయారు. పొద్దున్న నేను టీ ఇస్తే "అక్కడ పెట్టు" అన్నారు. ఎప్పుడూ చెయ్యి చాచి అందుకునే మనిషి. ల్యాబ్‌లో ఇవాళ ఎవరికో పై పళ్లకి బదులు కింది పళ్లు అమర్చాను. నిజం చెప్పి మంచి పని చేశానా, ఒక ముసలాయన ప్రాణం తీశానా?

నీ పిచ్చిమొద్దు

---

అక్కయ్యా,

ఈసారి తీరిగ్గా కూర్చుని చదువు, చాలా ఉంది.

మామయ్య నాతో మాట్లాడకుండా వారం గడిపారు. తర్వాత ఓ ఉదయం నా గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్, ట్రాక్ దగ్గర నీళ్లు పోసి ఉంచే మైదానం ఉందన్నావుగా. పద" అన్నారు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

అది పెద్ద తారు మైదానం. పైపులతో నీళ్లు చిమ్ముతూ ఉంటారు. బండి జారినా గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. బ్రేకమ్మ మధ్యలో ఒక రబ్బరు దిమ్మ పెట్టి, దాని చుట్టూ తిరగమంది. మామయ్య ఈసారి బటన్ నొక్కి, పూర్తిగా ఆగిందనడానికి గుర్తుగా దీపం నిలకడగా వెలిగేదాకా వేలు తీయలేదు. నావైపు చూసి "చచ్చిందా?" అని అడిగారు. "చచ్చింది మామయ్యా" అన్నాను.

అక్కా, ఏం చెప్పను! బండి వెనక భాగం పక్కకి జారుతోంది, ఆయన చేతులు మాత్రం పిండి కలుపుతున్నంత నెమ్మదిగా కదులుతున్నాయి. జారకముందే చెయ్యి అక్కడ ఉంటోంది. ఎడమవైపు ఒక చుట్టు, కుడివైపు ఒక చుట్టు, మళ్లీ ఎడమ. నీళ్లు అద్దాల మీద పడుతున్నాయి. ఆయనేమో ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఎంత అనుమానించానో తల్చుకుని సిగ్గుతో చచ్చాను. అప్పటికప్పుడు కాళ్ల మీద పడదామనిపించింది.

అంతలో ఓ చుట్టులో చెయ్యి కాస్త వెనకబడింది. బండి ఊగి నిలబడింది. తర్వాతి చుట్టులో ఇంకాస్త. ఆ తర్వాత గిర్రున తిరిగి, వచ్చిన వైపుకే ముఖం పెట్టి ఆగిపోయాం. "మళ్లీ" అన్నారు. మళ్లీ తిరిగిపోయింది. మూడోసారీ అంతే. ఇంజన్ ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచుకున్నారు.

"మొదటి పది నిమిషాలూ నేనే నడిపాను," అన్నారు. "ఆ తర్వాత ఎవరో ముసలాడొచ్చి కూర్చున్నాడు."

"మరి ఆ రోజు ల్యాప్?" అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"నాకేం తెలుసు? కొంత నాది, కొంత దానిది. పాలూ నీళ్లూ కలిపాక ఎవడు విడదీస్తాడు?" అని తలుపు తీశారు. "ఇప్పుడు నువ్వెక్కు."

ఎక్కాను. మొదటి చుట్టు సగంలోనే బొంగరంలా తిరిగాను. ఆయన్ని అనుమానించిన దాన్ని నేను! రెండేళ్లుగా నా నడక అనుకున్నదంతా ఆ దాది వేలు పట్టుకున్న నడకే. మళ్లీ తిరిగాను, మళ్లీ తిరిగాను. కళ్లనీళ్లు వచ్చేశాయి. "మామయ్యా, నా చేతుల్లో ఏమీ లేదు. మీరు ఊరికే పొగిడారు" అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. నిజమైన కోపం. "ఊరికే పొగడ్డానికి నువ్వేమన్నా మంత్రి కూతురివా? మలుపు రాకముందే నీ కళ్లు మలుపు చివరికి పోతాయి. నా కొడుక్కి ఎన్నేళ్లు చెప్పినా రాలేదది. జారిన బండిని పట్టుకోవడం నేర్పితే వస్తుంది. నేను నేర్పలేదు, ఎందుకంటే నీ బండి ఎప్పుడూ జారలేదు. జారలేదని నేనూ నమ్మాను, నువ్వూ నమ్మావు. తిప్పు." పొద్దు వాలేదాకా తిప్పించారు. చివర్లో ఒక్క చుట్టు, ఒకే ఒక్క చుట్టు, నిలబెట్టాను. బ్రేకమ్మ దూరం నుంచి చెయ్యి ఊపింది.

మర్నాడు ఆయనే రేసు వాళ్లకి ఫోన్ చేసి, అరగంట సాగే పెద్ద రేసులోంచి పేరు తీయించుకున్నారు. ఒక్కొక్కరే వెళ్లి ఒక్క ల్యాప్ తిరిగొచ్చే పోటీ ఒకటుంది, దాన్లో వేయించుకున్నారు. అత్తయ్య "ఒక్క ల్యాపేనా? ఆ మాత్రానికి కట్టు కట్టడానికి వస్తాలెండి" అని పాత మందుల పెట్టె సర్దింది. మీ మరిది ఆ కారు ముసుగు తీసి, తుడిచి, టైర్లలో గాలి కొట్టాడు. తండ్రీ కొడుకులు కార్బురేటర్ గురించి పోట్లాడుకుంటుంటే వంటింట్లోంచి విని ఎన్నాళ్లయిందో.

నిన్నే పోటీ. మామయ్య వెళ్లారు, వచ్చారు. చివరి నుంచి మూడో స్థానం. రెండో మలుపులో బండి తోక జారి, నిలబడి, దారిలో పడటం మేమంతా గోడ మీదుగా చూశాం. అత్తయ్య నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో, ఇవాళ అక్కడ నల్లగా కమిలింది. దిగి వచ్చి, హెల్మెట్ తీసి, "చూశావా?" అన్నారు, నన్ను కాదు, అత్తయ్యని. ఆవిడ "చూశాను. చాల్లెండి" అని కొంగుతో ఆయన మెడ తుడిచింది.

ఇంటికి ఆ పాత కారు నన్ను నడపమన్నారు. మిగతావాళ్లు నా కార్లో ముందు వెళ్లిపోయారు. అన్నిటికీ జవాబు దొరికిందా అంటే లేదక్కా. ఇప్పటికీ ఏది నాదో, ఏది బండిదో సరిగ్గా తెలీదు. స్టీరింగ్ బరువుగా ఉంది, బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటోంది. ఏదో అడుగుదామని పక్కకి చూస్తే, మామయ్య తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఎవరు నడుపుతున్నా మేలుకుని రోడ్డు చూసే మనిషి. పెద్ద గుంతలో దిగినా లేవలేదు. ఇల్లొచ్చాక కూడా లేపబుద్ధి కాక, ఇంజన్ ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

ప్రేమతో,
నీ చిన్నది