పులిహోర తిన్న వానపాములు

అరసవల్లి,
దసరా మర్నాడు

కాశీ మావయ్యకి కౌముది నమస్కారాలు.

ఫోన్ చేస్తే "సరేలే" అని పెట్టేస్తావు కనక కాగితం మీద రాస్తున్నాను. దీన్ని కోవెల వంటింటి గోడకి అంటించు. దీంతోపాటు బస్సులో పంపిన గోనెసంచిలో రెండు కిలోల వానపాములున్నాయి. నువ్వు రోజూ స్వామికి తీసిన పువ్వులన్నీ మూటకట్టి వంశధారలో కలిపేస్తున్నావు కదా. ఇకమీదట నీడలో గొయ్యి తీయించి పేడా, ఆ పువ్వులూ, విస్తరాకులూ పొరలుగా వేసి, వీటిని వదులు. తడి ఆరకుండా నీళ్ళు చల్లు. నెలన్నరలో టీపొడిలాంటి ఎరువు వస్తుంది.

మా వ్యవసాయ ఆఫీసు తరఫున ఇంతవరకూ పదకొండు ఊళ్ళలో ఈ ఎరువు చేయడం నేర్పాను. పదకొండూ రెండో నెలకే మానేశాయి. మన ఊరూ మానేస్తే నన్ను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతానని మా ఆఫీసరు ఉమాశంకర్ గారు చెప్పేశారు. కార్తీకం చివర్లో ఆయన చూడ్డానికి వస్తారు. మట్టిలో తిరగడం తప్ప నాకు వేరే పని ఇష్టం లేదు మావయ్యా.

నీ మేనకోడలు,
కౌముది

తా.క.: సంచిలో ఏముందో పార్వతి అత్తయ్యకి ముందే చెప్పు. కిందటేడు చెప్పకుండా పంపిన అరటిపిలకల్ని ఆవిడ కూర వండేసింది.

*

మన ఊరు,
శనివారం

చిరంజీవి కౌముదికి మావయ్య దీవెనలు.

సంచి మంగళవారం అందింది. మంగళవారం గృహప్రవేశం చేయిస్తే నలుగురూ నన్నంటారని గురువారం దాకా సంచిలోనే ఉంచాను. నలభై ఏళ్ళుగా స్వామికి సేవ చేస్తున్నవాడిని, రెండు కిలోల వానపాముల్ని సాకలేనా? నువ్వు నిశ్చింతగా ఉండు.

అయితే వాటికి పేడా, వాడిన పువ్వులూ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. కోవెలలోకి వచ్చిన ప్రాణికి ప్రసాదం పెట్టకుండా ఎలా? ఓ గిన్నెడు పులిహోర పెట్టాను. వాకిలి ఊడ్చే ఈశ్వరి ఏదో చెప్పబోయింది. మా కౌముది వ్యవసాయం చదువుకుంది, నీకు తెలీదులే అన్నాను.

ఇట్లు,
కాశీవిశ్వనాథం

తా.క.: నీళ్ళు చల్లమన్నావు. తీర్థం చల్లాను. కర్పూరం ఎక్కువైందేమో, అన్నీ ఓ మూలకి చేరాయి.

*

అరసవల్లి,
మంగళవారం

మావయ్యకి కంగారుగా కౌముది నమస్కారాలు.

ఉప్పూ చింతపండూ ఒంటికి తగిలితేనే అవి చచ్చిపోతాయి! ఆ అన్నం వెంటనే ఎత్తించెయ్యి. ఎన్ని బతికున్నాయో చూసి రాయి. అంతవరకూ నాకు నిద్రపట్టదు.

కౌముది

తా.క.: తీర్థం నువ్వు పుచ్చుకో. వాటికి బోరింగు నీళ్ళు చాలు.

*

మన ఊరు,
కార్తీక సోమవారం

చిరంజీవి కౌముదికి, భయం తీరేలా మావయ్య దీవెనలు.

బ్రహ్మాండంగా ఉన్నాయి. మునుపటికన్నా లావయ్యాయి కూడా. ప్రసాదం ఎవరికైనా హాని చేస్తుందటే? నువ్వు చెప్పావని మానేశాను గానీ, ఇప్పుడు పువ్వులూ పేడా కూడా సుబ్బరంగా తింటున్నాయి. మా గొయ్యి చూసి ఊళ్ళో ఆరిళ్ళవాళ్ళు పెరట్లో గోతులు తీశారు.

ఇట్లు,
కాశీవిశ్వనాథం

తా.క.: వచ్చినప్పుడు ఎర్రగా ఉండేవి. ఇప్పుడు కాస్త నల్లబడ్డాయి. మన ఊరి నీళ్ళ గుణం అయ్యుంటుంది.

*

అరసవల్లి,
ఆదివారం

నా పేరు నిలబెట్టిన మావయ్యకి కౌముది నమస్కారాలు.

పులిహోర తిని బతికిన వానపాముల గురించి ఉమాశంకర్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అలాంటి జాతి ఎక్కడా లేదట. గురువారం ఇద్దరు శాస్త్రవేత్తల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. వాళ్ళ కళ్ళముందు నువ్వు వాటికి మళ్ళీ పులిహోర పెట్టాలి. నేనుంటే నీకు జవాబులు అందిస్తానని నన్ను రావద్దన్నారు. అవి బతికితే సరే. లేకపోతే నేను అబద్ధాలు చెప్పే మనిషినని తేలిపోతుంది. నువ్వుండగా నాకేం భయం?

కౌముది

తా.క.: పులిహోర అత్తయ్య చేత కాస్త ఎక్కువే కలిపించు. ఆఫీసరు గారు కూడా తింటారు.

*

మన ఊరు,
గురువారం సాయంత్రం

చిరంజీవి కౌముదికి మావయ్య దీవెనలు. కూర్చుని చదువు.

నువ్వు పంపినవాటిలో ఒక్కటీ లేదు. మొదటి పులిహోరకే అన్నీ పోయాయి. నా చేత్తో అన్ని ప్రాణాలు తీశానని సిగ్గేసింది, నీ ఉద్యోగం పోతుందని భయమేసింది. నీకు అబద్ధం రాశాను. ఆ రోజు గొయ్యి పక్కన కూలబడితే ఈశ్వరి వచ్చి చూసింది. "పులుపెట్టి సంపీసినారు కదా బాబూ. నన్నడిగితే సెప్పనా?" అంది. తన పెరట్లో అత్తగారి నాటి నుంచీ పేడా ఆకులూ వేస్తున్న గెత్తం కుప్ప ఉంది. అందులోంచి రెండు తట్టల వానపాములు తెచ్చి పోసింది. ఆరిళ్ళ గోతులూ తనే దగ్గరుండి తీయించింది.

ఇవాళ వాళ్ళు ముగ్గురూ వచ్చారు. పార్వతి పులిహోర పళ్ళెంతో నిలబడింది. నేను నోరు తెరిచేలోగా ఈశ్వరి గొయ్యికి అడ్డంగా వచ్చింది. "మీరు తినండి బాబూ. నా పురుగులకి పెడితే ఊరుకోను" అంది. ఇంక నేనే జరిగిందంతా చెప్పేశాను. నీకేమీ తెలియదనీ చెప్పాను.

ఉమాశంకర్ గారు గోతిలోంచి గుప్పెడు ఎరువు తీసి వాసన చూశారు. ఆ పదకొండు ఊళ్ళలో ఇలాంటిది చూడలేదన్నారు. ఈశ్వరి పక్కన నేలమీదే కూర్చుని గంటసేపు అడిగి రాసుకున్నారు. వచ్చే నెల నుంచి ఆ ఊళ్ళన్నిటికీ ఈశ్వరే వెళ్ళి నేర్పుతుందట. నీకు కంప్యూటర్ తప్పింది. ఆవిడ వెంట తిరగాలి.

నన్ను క్షమించు తల్లీ.

కాశీవిశ్వనాథం

తా.క.: నిన్ను తన వెంట తిప్పుకోవడం ఇష్టమేనా అని ఈశ్వరిని అడిగాను. "పంపండి బాబూ. సదువుకున్న పిల్ల కదా, బేగి నేర్సుకుంటాది" అంది.