అమ్మ కమ్మలు దొరికిన సంగతి

స్కూలు యూనిఫారాలు కుట్టి బతికే నేను, యాభై రెండో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. "స్థిరబుద్ధితో" అని ఉండాలన్నాడు దస్తావేజుల రైటరు. నా బుద్ధి సంగతి డాక్టరమ్మకు తెలుసు. ఆమె ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అప్పజెప్పమంటే రెండే చెప్పగలిగాను. హెచ్ఐవి వల్ల కొందరికి మతిమరుపు వస్తుందట, చిన్నప్పటి భయాలు దానికి తోడవుతాయట. అయినా ఎవరికి ఏమివ్వాలో తెలిసే తెలివి నాకుందని ఆమె రాసిచ్చిన కాగితం జతచేశాను.

1. కుట్టుమిషను, కొలతల పుస్తకం నా చెల్లెలికి.

2. నా జబ్బు తెలిశాక ఇంటి ఓనరమ్మ నాకోసం వేరుగా పెట్టిన స్టీలు గ్లాసు ఆమెకే. శుభ్రంగా తోమి ఉంచాను.

3. పినతండ్రి పోయాడు. బతికున్నా చిల్లిగవ్వ ఇచ్చేదాన్ని కాదు. తొమ్మిదేళ్లప్పుడు ఆయన నన్ను పెట్టి గడియ వేసిన గదిలోనే, చేతికందిన ప్రతిదీ దాచుకోవడం నేర్చుకున్నాను. ఆ అలవాటు పోలేదు. ఎక్కడ దాచానో మాత్రం ఇప్పుడు గుర్తుండదు.

4. అమ్మ కమ్మలు చెల్లెలికి. ఇది చెప్పాలంటే తల కొట్టేసినట్టుంది. మూడేళ్ల కిందట అవి కనబడకపోతే, వీధిలో నలుగురి ముందూ దాన్ని దొంగ అన్నాను. "అక్కా, నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు, ఇంకోసారి వెతుకు" అంది. వినలేదు. వేళకు మాత్రలు గుర్తుచేసే మనిషిని వెళ్లగొట్టాను. ఆరు నెలలకు అవి బాబిన్ల డబ్బా అడుగున దొరికాయి, యూనిఫారం గుడ్డముక్కలో, నా చేతికుట్టుతో. సిగ్గుతో చచ్చాను కానీ చెల్లెలికి కబురు పెట్టలేదు. తప్పంతా మతిమరుపు మీదికి నెట్టేద్దామనుకున్నాను. కానీ దొరికిన సంగతి ఒక్కరోజూ మరవలేదు.

5. వీలునామా మనిషి పోయాకే చెల్లుతుందని రైటరు గొణిగాడు. గొణగనీ. ఆ కమ్మలు, ఈ కాగితం నకలు నర్సమ్మ ఇవాళే చెల్లెలికి అందించాలి. చెల్లీ, రమ్మని అడిగే ముఖం నాకు లేదు. ఒకవేళ వస్తే, ఏదో ఒకరోజు కమ్మలేవని మళ్లీ నీమీద విరుచుకుపడితే, నా సంతకం నాకే చూపించు.

తేదీ: 11 జూన్ 2024, గోడమీది క్యాలెండరు చూసి వేయించినది.

చేవ్రాలు: యూనిఫారాల అక్క

సాక్షులు:
మాత్రలిచ్చే నర్సమ్మ. అమలు బాధ్యత కూడా ఈమెదే.
గుండీల కొట్టు తాత. ఆ రోజు వీధిలో నా మాట విన్నవాడు.