మంచం పక్కన స్టూలు

బావా, నమస్కారం. మీరు వెళ్లిపోయి పద్నాలుగు నెలలైంది. అక్క క్షేమమని రాద్దామనుకున్నాను... కానీ ఆమె పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఆపరేషన్ చేయాలన్నారు.

ఏ ఆసుపత్రి మేలో తేల్చుకోవడానికి మళ్లీ పట్టిక గీశాను. నవ్వకండి. బడి మానేసిన నాకు గళ్లు గీయడం నేర్పింది మీ మిల్లు హాజరు పుస్తకమే కదా.

మీ జబ్బు రోజుల్లో గీసిన పాత పట్టికను కూడా బయటికి తీశాను. సర్కారు దవాఖానా, మన నాచారం సందులోని నర్సింగ్ హోమ్, ఉప్పల్ దాటాక అద్దాల ఆసుపత్రి. శుభ్రత, పరీక్షలు, మందులు... మొత్తం పదిహేడు అంశాలు. పదిహేనింటిలో అద్దాల ఆసుపత్రిదే పైచేయి.

మీకు మాత్రం సర్కారు దవాఖానే ఇష్టం. డయాలిసిస్ సాగే నాలుగు గంటలూ నేను మీ మంచం పక్కన స్టూలు మీద ఉండేవాణ్ణి. దాని ఒక కాలు పొట్టి. కింద కాగితం మడిచి పెడుతుంటే, "ఏంది బామ్మర్దీ, స్టూలుకు గూడ పట్టీ కడ్తున్నవా?" అని వార్డంతా వినబడేలా అనేవారు. మీ మిల్లు కథలు పదోసారి విన్నా నవ్వొచ్చేది. పక్క మంచాలవాళ్లూ నవ్వేవారు.

వరుసలు పెద్దవి, ఫ్యాను తిరగదు అని నేనే మిమ్మల్ని అద్దాల ఆసుపత్రికి మార్పించాను. అక్కడి వైద్యానికి వంక పెట్టలేను. అన్నీ వేళకు జరిగేవి. నన్ను మాత్రం కింది అంతస్తులో ఉండమనేవారు. మొదటిరోజు బయటికొచ్చి మీరన్న మాట... "అంత మంచిగనే ఉంది గని, మాట్లాడనీకి మనిషే లేడుర." దాన్ని పట్టికలో ఎక్కించలేదు. ఎందుకు ఎక్కించలేదు బావా?

చివరిరోజున కూడా నేను కిందే ఉన్నాను.

పాత చోటే ఉంచితే ఇంకొన్నాళ్లు ఉండేవారా? ఇంకా ముందే పోయేవారా? దానికి గడి గీయడం నాకు చేతకాలేదు...

ఈసారి మొదటి అంశం మార్చాను: మనిషి పక్కన కూర్చోవచ్చునా? మూడు చోట్లా అడిగాను. అద్దాల ఆసుపత్రిలో సందర్శన వేళల బోర్డు చూపించారు. సర్కారు దవాఖానాలో కూర్చోవచ్చన్నారు, కానీ ఆపరేషన్‌కు నెలలు ఆగాలి. అక్క నొప్పి ఆగదు. సందులోని నర్సింగ్ హోమ్ సర్జన్ హస్తవాసి మంచిదని విచారించి తెలుసుకున్నాను. పక్కన కూర్చోవచ్చు, స్టూలు మాత్రం మీరే తెచ్చుకోవాలి అన్నది అక్కడి పెద్ద నర్సమ్మ.

ఉప్పల్ మార్కెట్లో కొన్నాను. నాలుగు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో అక్కడే నేల మీద పెట్టి చూశాను.

రేపు ఉదయం అక్కను చేర్పిస్తున్నాను. మీ మిల్లు కథలే చెప్తాను, మీ అంత బాగా రాకపోయినా. ఆమె లేచి నడిచేదాకా ఆ స్టూలు వదలను.

మీ బామ్మర్ది