నడిమి పేరు

చిట్టితల్లికి బాబాయ్ దీవించి రాసేది.

మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మకి నన్ను తిట్టే ఓపిక ఉందంటే బాగున్నట్టే కదా. నువ్వూ బాగుండాలి. అక్షరాలు వంకరగా ఉంటాయి, విసుక్కోకుండా చదువుకో.

మోకాలి నొప్పి సంగతి అడిగావు. అదీ ఉంది, నేనూ ఉన్నాను. ఆ కాలితోనే మెట్లెక్కి మన పంచరు కొట్టు పైగదిలో ఇంగ్లీషు క్లాసుకు పోతున్నాను. నవ్వకు. మీ అమ్మ నవ్విన నవ్వు చాలు. "పలక కొనిపెట్టనా? బలపం కూడా కావాలా?" అంది. "రెండూ కొను" అన్నాను.

నిన్న క్లాసులో అన్నీ పేర్లే! పంతులమ్మ నా పేరు అడిగింది. "పంచరు తాత" అన్నాను.

"అది నిక్‌నేమ్ తాతా, నలుగురూ సరదాగా పిలిచేది. అసలు పేరు చెప్పు" అంది. చెప్తే నాకే కొత్తగా వినిపించింది. పెళ్ళికి ముందు ఆడపిల్లకుండే ఇంటిపేరు మెయిడెన్ నేమట. పుస్తకాలు రాసేవాళ్ళు పెట్టుకునే దొంగపేరు పెన్ నేమట. నాకు పెన్ను పట్టుకోవడమే గగనం! మనం ముందు పెట్టే ఇంటిపేరును వాళ్ళు తోకలా చివర తగిలించి సర్‌నేమ్ అంటారు.

ఇక నీ ప్రశ్న. నీ టైలరింగ్ షాపు బోర్డు మీద కన్నతండ్రి ఇంటిపేరు రాయించనా, పెంచిన నాది రాయించనా అన్నావు. అడగడానికేముంది? మీ నాన్నదే రాయించు. నువ్వు పాలు తాగే వయసులో పోయిన మనిషి, నీకు మిగిల్చింది అదొక్కటే. దాన్ని చెరిపి నాది రాయించుకునేంత కక్కుర్తి నాకు లేదు.

ఇంతసేపూ ఒక సంగతి దాచాను. పంతులమ్మ మిడిల్ నేమ్ అని ఇంకోటి చెప్పింది. సొంత పేరుకూ ఇంటిపేరుకూ నడుమ పెట్టుకునేదట. అక్కడ పెంచినవాళ్ళ పేరు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారట. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. ఇంట్లోవాళ్ళ పేరొకటి పూర్తిగా రాయమని నల్లబల్ల దగ్గరికి పిలిచింది. ముందు నీ పేరు రాశాను. చివర మీ నాన్న ఇంటిపేరు. నడుమ నా పేరు. నిన్ను అడక్కుండానే.

"ఎవరు తాతా?" అంది.

"నా కూతురు" అన్నాను, వీధిలోకి వినిపించేలా. ఆ మాట మీ అమ్మను చేసుకున్న ఇన్నేళ్ళలో నీ ముందు కూడా అనలేదు.

ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ, "దాన్నే అడగొచ్చుగా, నోరు లేదా?" అంది. అందుకే అడుగుతున్నాను. వద్దనుకుంటే వద్దని రాయి, మూతి ముడుచుకోను. సరేననుకుంటే ఉత్తరం రాస్తూ కూర్చోకు, బోర్డు రాసే అతనికి వెంటనే చెప్పు. నడుమ చోటు బాగా వదలమను. నా పేరు కాస్త పొడుగు.

ఇట్లు,
నీ బాబాయ్