మంజులమ్మ చేతి బగార

నవంబర్ 6, గురువారం

దసరా సెలవుల తర్వాత నుంచి గర్ల్స్ టాయిలెట్‌లో నీళ్లు లేవు. మోటర్ కాలిపోయింది. మేం బడికొస్తే నీళ్లు తాగడం మానేశాం. పీరియడ్స్ వచ్చిన పిల్ల స్కూలుకే రాదు. ఈరోజు హెడ్‌మాస్టర్ రాజమౌళి సార్‌ని నిలదీశాను. ఫండ్ లేదట. చిల్డ్రన్స్ డేకి రెండు రోజులు ఫుడ్ స్టాల్ పెట్టి మీరే జమ చేసుకోండ్రి అన్నాడు. మూత్రానికి పోవాలన్నా మేం అన్నం అమ్ముకోవాలన్నమాట! సర్కారు ఏం చేస్తున్నట్టు అని అడిగితే, టెన్త్ క్లాసుకే లీడర్‌వైనవా నవతా అని నవ్వాడు. ఒళ్లు మండింది. అయినా సరే పెడతాం అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

కృపాజ్యోతి వాళ్లు చర్చి నుంచి వచ్చాక వాళ్లింటికి వెళ్లాను. నా బెంచ్‌మేట్. వాళ్లమ్మ విజయరాణత్త అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. సిటీ నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఆమె వండే మసాలా బగారన్నం కోసం కొట్టుకుంటారట. మా స్టాల్‌కి వండమని అడిగాను. ఆమె నవ్వింది. ఆడ ఎవ్వరడగరు బిడ్డా, ఈడ మాత్రం నోట్లె పెట్టే ముందు చెయ్యి ఎవరిదని అడుగుతరు అంది. అడగనీ అన్నాను. ఆడపిల్లల కోసమంటున్నవ్, వండుత తియ్ అంది.

మేడే నాడు చేవెళ్ల బస్టాండులో పంచిన కరపత్రాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. పేరు లేని శ్రమ దోపిడీయే అని ఒకదాంట్లో ఉంది. అది మొత్తం నాకు నోటికి వచ్చు. రాత్రి మళ్లీ చదివాను.

నవంబర్ 13

బోర్డు రాశాను. ఎర్ర పెయింట్. "విజయరాణి గారి చేతి బగారన్నం, వంకాయ కూర." పేరు అన్నిటికన్నా పెద్దగా. కృప చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. సంతోషంతో మాట రాలేదేమో.

నవంబర్ 14, సాయంత్రం

థూ.

వాసనకి వస్తున్నారు. బోర్డు చదువుతున్నారు. తిరిగి పోతున్నారు. ఒకామెకు శుక్రవారం ఉపాసమట. ఆ ఉపాసమామె పక్క స్టాల్‌లో సమోసాలు తిన్నది! ఒకాయనకు గ్యాస్. తిరుపతి మామ, అమ్మకు వరసకు అన్న, దగ్గరకొచ్చి ఏ విజయరాణి, చర్చెనక గల్లీల ఉండేటామెనా అని అడిగాడు. ఆమే అన్నాను. మోగని ఫోన్ చెవికి పెట్టుకుని హలో హలో అనుకుంటూ వెళ్లిపోయాడు. ఇంతమందికి ఒక్కరోజే ఆకలి చచ్చిపోయిందా? పేరుకు కూడా అంటు ఉంటుందా?

గిన్నెలు నిండుగానే ఆటో ఎక్కాయి. అత్త, మూత గట్టిగ పెట్టు, కూర ఒలుకుతది అని కృపతో అంది, అంతే.

నవంబర్ 15, శనివారం



పొద్దున చేవెళ్ల మార్కెట్‌కి వంకాయలకు పోయి వచ్చేసరికి స్టాల్ ముందు లైను. సంబరంగా పరుగెత్తాను. బోర్డు మీద నా ఎర్ర అక్షరాలు లేవు. "మంజులమ్మ చేతి బగార" అని ఉంది. మంజుల మా అమ్మ! మా అమ్మ బగారన్నం వండితే ముద్ద అవుతుంది. ముందు నిలబడి గరిటెతో వడ్డిస్తోంది. గిన్నె నిన్నటిదే. వండిన చెయ్యీ నిన్నటిదే. అత్త క్లాస్‌రూమ్ వెనక పొయ్యి దగ్గర ఉంది, ఎవరికీ కనబడకుండా. తిరుపతి మామ మారు పెట్టించుకుంటున్నాడు. మా చెల్లె చెయ్యి వడితే గంతే, వేళ్లు నాకుడే అంటున్నాడు.

సార్‌ని పట్టుకున్నాను. మోటర్ కావాల్నా, బోర్డు కావాల్నా అన్నాడు. అందరి ముందూ అరవబోయాను. కృప నన్ను వెనక్కి లాగింది. నోరు తెరిస్తే నీతోని మాట్లాడ అంది. సార్ పొద్దుగాల ఇంటికొచ్చి అడిగిండు, మోటర్ వస్తదంటే మా అమ్మ ఒప్పుకున్నది. నువ్వడిగినవా, అత్తా నీ పేరు రాయాల్నా అని? గంత పెద్దగ రాసినవ్ గదా, అడిగినవా?

అడగలేదు.

నవంబర్ 16

నిన్న అంతమందికి వడ్డించిన అమ్మ, ఇంటికొచ్చి తనకు వేరే వండుకుని తిన్నది.

నవంబర్ 22

మోటర్ వచ్చింది. నీళ్లొచ్చాయి. పిల్లలు నల్లా కింద తలలు పెట్టి కేకలు. నేనూ మొహం కడుక్కున్నాను. హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు కూడా కోపమొచ్చింది.

సోమవారం పేరెంట్స్ మీటింగ్‌లో అమ్మకు సన్మానమట. శాలువా. ఏ చీర కట్టుకోవాలె అని నన్నే అడుగుతోంది! నువ్వు ఒక్క ముద్దన్నా తిన్నవా అని అడిగాను. మోటర్ కోసం పేరిచ్చిన, ఇస్తే నా పేరేమన్న అరిగిందానే అంది.

నవంబర్ 23

ఈసారి అడిగాను. మీటింగ్‌లో నిజం చెప్పనా అత్తా అని.  నువ్వెందుకు చెప్పుడు, నాకు నోరు లేదా అంది. ఫామ్‌హౌస్‌కి ఫోన్ చేసి రేపు రానని చెప్పింది.

నవంబర్ 24

సార్ శాలువా కప్పాడు. తిరుపతి మామ మైకు గుంజుకుని, మా చెల్లె చెయ్యి బంగారం అన్నాడు. చప్పట్లు. వెనక వరసలో విజయరాణత్త లేచింది. మైకు అడగలేదు. ఆ బగార నేను వండిన అంది. మంచిగున్నదని మల్ల మల్ల పెట్టించుకున్నరు, సంతోషం. నీళ్లొచ్చినయ్, అదీ సంతోషమే. జనవరి ఇరవై ఆరుకు ఇదే బడిల మల్ల వండుత, నా పేరు మీదనే. తినేటోళ్లు తినుండ్రి, ఉపాసమున్నోళ్లు ఉండుండ్రి అంది. కూర్చుంది.

 తిరుపతి మామ లేచి బయటికి పోయి నల్లా తిప్పి నోరు పుక్కిలించసాగాడు. ఎప్పుడో తిన్నదానికి ఇప్పుడు! ఆ నీళ్లు ఎవరి బగారతోని వచ్చినయో ఎరుకేనా మామా అని కిటికీలోంచి అరిచాను. నోట్లో నీళ్లతో అట్లనే నిలబడ్డాడు. ఉమ్మలేడు, మింగలేడు.

కృప నవ్వు ఆపుకోలేకపోయింది.

నవంబర్ 25

శాలువా కుర్చీ మీద ఉంది. విజయరాణికి ఇచ్చి రాపో అంటుంది అమ్మ. నువ్వే ఇచ్చి రా అంటాను. ఇంట్లో ఒక్కటే కుర్చీ. ఇద్దరం కింద కూర్చుని తింటున్నాం.