గంగను ఇంట్లోనే ఉంచుకోవడానికి

విజయనగరం,
ఫిబ్రవరి 10, 2016, బుధవారం.

చిరంజీవి నూకరాజుకు అక్క ఆశీస్సులు.

నీ మోకాలు, మరదలి బీపీ అదుపులో ఉన్నాయనే అనుకుంటున్నాను. మాత్రలు మానవద్దని ఆమెకు చెప్పు. ఇక్కడ ముగ్గురమూ ఆరోగ్యంగానే ఉన్నాం. నా కుడికంటి శుక్లం ఆపరేషను బాగా జరిగింది, దాని గురించి బెంగ వద్దు. ఫోనులో చెబితే సగం విని మిగతాది నీకు తోచినట్టు చేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. కూర్చుని చదువు.

మనవరాలు గంగను మా దగ్గర నుంచి తీసుకుపోతారేమోనని భయంగా ఉంది.

పోయిన గురువారం నేను కట్టు విప్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. కోడలు లక్ష్మి జూట్ మిల్లులో షిఫ్టులో ఉంది. పిల్లను పక్కింటావిడకు అప్పగించాం. ఆవిడ కాస్త కునుకు తీసేసరికి గంగ నడుచుకుంటూ రైల్వేస్టేషనుకు పోయింది. గుజరాతు బోట్ల మీద పనికి మా అబ్బాయి ఎర్రయ్యను మేం రైలెక్కించింది అక్కడే. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా ఉన్న పిల్లను పోలీసులు పిల్లల సంరక్షణ అధికారులకు అప్పగించారు. ఎందుకొచ్చావని అడిగితే, "నాన్న దిగుతాడేమో సూద్దామని" అందట.

ఆ రాత్రి అది బాలికల హోంలో పడుకుంది. మర్నాడు బాలల సంక్షేమ కమిటీ ముందుకు మమ్మల్ని పిలిచి, విచారణ పూర్తయ్యేదాకా అని చెప్పి ఇంటికి పంపారు. అప్పటినుంచి వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా గంగ మంచం కిందికి దూరుతోంది. నేను మందలించాను. నిజానికి నేనూ లేచి తలుపు గడియ చూసుకుంటున్నాను.

సోమవారం ఒక అమ్మాయి విచారణకు వచ్చింది. మర్యాదస్తురాలు. పిల్ల పడుకునే చోటు చూసింది, బడి పుస్తకాలు చూసింది, లక్ష్మి షిఫ్టు వేళలు అడిగి రాసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత, తండ్రి ఎక్కడ, ఎప్పుడొస్తాడు అని అడిగింది. లక్ష్మి తల దించుకుంది. మళ్ళీ అడిగితే లేచి లోపలికి పోయింది.

మగవాడు నీటి మీద ఉన్నప్పుడు తిరిగొచ్చే రోజు నోటితో అంటే అతనికి కీడని, అనకూడదన్నది మన వాడ కట్టుబాటు. ఆ అమ్మాయికి అదెలా తెలుస్తుంది? తండ్రి వదిలేసి పోయాడు, తల్లి దాస్తోంది అనుకుంది. నేను పక్కనే కూర్చున్నాను తమ్ముడూ. బళ్ళో అన్నేళ్ళు పాఠాలు చెప్పిన నా నోరూ పెగల్లేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె నాతో అంది: "మామ్మగారూ, పిల్లని లాక్కోడానికి కాదు మేమున్నది. ఇంట్లో ఉంచడానికే ముందు సూస్తాం. హోం ఆకరి మాట. కానీ తండ్రి సంగతి తేలకుండా నన్నేటి రాయమంటారు?"

ఇంకా చెప్పింది. తల్లి పనిలో ఉండగా బడి తర్వాత పిల్లను చూసుకునే ఏర్పాటు గురించి కనుక్కుంటారట. ఆదరువు లేని తల్లికైతే పిల్ల చదువుకు నెలనెలా సాయం ఇచ్చే పథకం కూడా ఉందట, నిర్ణయం కమిటీది. నేను విన్నాను గాని నమ్మకం కుదరలేదు. ఒకసారి హోంలో పడుకున్న పిల్లను రెండోసారి పంపడం వాళ్ళకెంత పని?

వచ్చే గురువారం కమిటీ మమ్మల్ని మళ్ళీ రమ్మంది. అక్కడ నేనే చెబుతానన్నాను. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "సెప్పకండత్తా. కొత్తకోడలిగా వొచ్చినప్పుడు ఆ మాట అనకూడదని నాకు నేర్పింది మీరే. మనిషి సముద్రం మీదున్నాడు."

నేను లేచి ఈ ఉత్తరానికి కాగితం తీశాను. అన్నం కూడా తినలేదు.

పెద్దమ్మకు నా నమస్కారాలు. గంగ పేరు చెప్పి దీవించమను. వచ్చేటప్పుడు నాలుగు ఎండు నెత్తళ్ళు తీసుకురా, ఇక్కడి ఎండు చేపల్లో అంతా ఇసకే.

ఇట్లు
నీ అక్క
అప్పలనరసమ్మ

జరగవలసినవి:

1. ఎర్రయ్య బోటును నడిపే తండేలు మన ఊరివాడే. వాడి భార్య దగ్గరకు వెళ్ళి అక్కడి బోటు యజమాని ఫోను నంబరు తీసుకో. బోటు ఒడ్డుకు రాగానే ఎర్రయ్య నాకు ఫోను చెయ్యాలి.

2. ఎర్రయ్య ఏటా గుజరాతు బోట్లకు వెళ్తాడని, ఏటా ఇంటికి వస్తాడని పంచాయతీ కార్యదర్శి చేత రాయించు. సంతకం, ముద్ర రెండూ ఉండాలి.

3. వచ్చే బుధవారం సాయంత్రానికి నువ్వు ఇక్కడ ఉండాలి. నీ ఆధార్ కార్డు తెచ్చుకో.

4. గురువారం కమిటీ ముందు లక్ష్మి చేత మాట్లాడించవద్దు. బోట్లు ఒడ్డుకు లాగేశాక జూన్ నెలలో నా కొడుకు ఇంటికి వస్తాడని నేనే చెబుతాను.

5. చెప్పాక, ఎర్రయ్య గొంతు ఫోనులో వినేదాకా, నువ్వు నా పక్క నుంచి లేవకు.